నేపుల్సు పటముల వర్తకము

దూరదేశమునకు పోయి వచ్చినవాడు తాను చూచినదానిని ఇంటనున్నవారికి చూపవలె ననుట మానవులలో మిక్కిలి పాతదైన ఆచారము. మన యాత్రికులు కాశికి పోయి గంగచెంబుతో తిరిగివచ్చి, సమారాధన జరిపి, పిలిచినవారందరికిని ఆ తీర్థమును ఉద్ధరిణెడు చొప్పున పంచిపెట్టుదురు. పోలేకపోయినవారికిని పుణ్యములో పాలు దక్కవలె నన్నది అందులోని భావము. పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపాఖండములో దేశాటనము చేసిన ధనికులును ఇట్లే తమ యిండ్లకు తీర్థమునకు బదులు దృశ్యములను కొనిపోయి బంధుమిత్రులకు పంచుచు వచ్చిరి. అవి కొన్నాళ్లు చేతితో వ్రాసిన చిత్రములు, కొన్నాళ్లు అచ్చుబొమ్మలు, పిదప ఛాయాచిత్రములు, ఆ పిదప తపాలా కార్డులు. సాధనములు మారినవి గాని పని మారలేదు. ఆ పనికి సరకు నందించుటయే జీవనోపాధిగా చేసికొన్న నగరములలో ఇటలీ దేశపు దక్షిణతీరముననున్న నేపుల్సు అగ్రగణ్యము.

ఆ నగరము ప్రకృతిచేతనే చిత్రఫలకమునకు అనువుగా అమర్పబడినది. లోపలికి వంగిన అఖాతము, అఖాతపు టంచునుండి మెట్లుమెట్లుగా కొండ నెక్కిన యిండ్లు, నీటి కావల తూర్పుదిక్కున రెండు శిఖరములతో వెసూవియసు అగ్నిపర్వతము, దక్షిణమున సొరెంటో కొండలు, వాని కొసకు ఎదురుగా సముద్రమధ్యమున కాప్రీ ద్వీపము, ఇవన్నియు ఒక్క చూపులో ఇముడును. పడమటనున్న పొసిల్లిపో గుట్టమీద నిలిచినవానికి ఎట్టి శ్రమయు లేక సంపూర్ణమైన చిత్రము లభించును. ఇంత సులభముగ లభించుటవలననే కాబోలు, ఆ దృశ్యమును తానే కనుగొంటినని ప్రతి ప్రయాణికుడును తలచెను. వాస్తవమునకు, అతడు రాకమునుపే ఎక్కడ నిలువవలెనో, ఎటు చూడవలెనో, ఏది చట్రములో నుంచి యేది విడువవలెనో నిర్ణయించినవారు వేరే యుండిరి. వారు ఆ యూర స్థిరపడిన చిత్రకారులు, పటముల యంగళ్లవారు, పిదప ఫోటోగ్రాఫర్లు. ఈ చరిత్ర ముఖ్యముగ వారిది.

మొదట ఈ పంపకము రాజు చేతిలో నుండెను. వెసూవియసు పూడ్చివేసిన ప్రాచీన నగరములైన హెర్క్యులేనియములో 1738లోను, పాంపేయిలో 1748లోను త్రవ్వకములు ఆరంభము కాగా, బూర్బను వంశపు రాజులు అందు దొరకిన విగ్రహములను, కుడ్యచిత్రములను పోర్టిచీ ప్రాసాదమున భద్రపరచి, చూడవచ్చినవారు వానిని చిత్రించుకొనరాదని కట్టడి చేసిరి. 1757 మొదలు 1792 వరకు ఎనిమిది సంపుటములుగ వెలువడిన ఆ పురావస్తువుల చిత్రగ్రంథమును సయితము తొలుత అంగడిలో అమ్మలేదు. రాజు తన కిష్టులైన ప్రభువులకును రాయబారులకును దానిని బహుమానముగ పంపుచుండెను. ఫోటోలు తీయరాదను పలక మ్యూజియము గోడమీద వ్రేలాడుట చూచి విసుగుకొనువారు దాని వంశము ఇంత రాజసమైనదని యెరుగరు.

రాజు విగ్రహములను దాచుకొన్నను కొండను దాచలేకపోయెను. 1764లో బ్రిటిషు రాయబారిగా నేపుల్సునకు వచ్చి, ముప్పదియేండ్లకు పైగా అచ్చటనే నిలిచిన విలియం హామిల్టను, ఉద్యోగధర్మముకన్న వెసూవియసుమీదనే ఎక్కువ మక్కువ పెంచుకొని, లెక్కకు మిక్కిలిగా దాని నెక్కి దిగుచు, తాను చూచినదానిని లండనులోని రాయల్ సొసైటీకి లేఖలుగా వ్రాసెను. లేఖలు చాలలేదు. వెనుక దీపములు పెట్టి చూచినచో లావా నిజముగా మండుచున్నట్లు కానవచ్చు పారదర్శకమైన పటము నొకదానిని గూడ వారికి పంపెను. ప్రయాణపు చిత్రమును చీకటిగదిలో కాంతితో వెలిగించి పదుగురికి చూపుట అను వేడుకకు ఇంతకన్న పూర్వోదాహరణము వెదుకబని లేదు. 1776లో అతడు ప్రకటించిన అగ్నిక్షేత్రముల గ్రంథమునకు పియెత్రో ఫాబ్రిసు అను చిత్రకారుడు వ్రాసిన 54 పటములు ప్రాణము. ప్రతి యచ్చుకును చేతితో రంగులు వేసిరి. వానిలో నొకటి 1771లో లావాప్రవాహమును రాత్రివేళ చూడవచ్చిన రాజదంపతులకు హామిల్టను దారి చూపుచున్న దృశ్యము. దృశ్యముతోపాటు దానిని చూచుచున్న తన్నుగూడ చిత్రములో నిలుపుకొనవలె నన్న కోరిక కెమెరాతో పుట్టినది కాదని ఆ యొక్క పటమే సాక్ష్యము చెప్పుచున్నది.

హామిల్టనువంటి ధనవంతుడు గానివాడు ఏమి చేయవలెను? జర్మను కవి గెటే 1787 ఫిబ్రవరిలో నేపుల్సు చేరినపుడు ఈ చిక్కులోనే పడెను. బొమ్మలు వేయుట అతనికి కొంత తెలియును గాని, చూచుటకును వ్రాయుటకును చాలిన కాలము బొమ్మలకు చాలదని త్వరలోనే గ్రహించెను. అప్పుడు అతని మిత్రుడైన టిష్‌బైను, నేపుల్సులో బీదతనమున కాలము గడపుచున్న క్నీప్ అను చిత్రకారుని అతనికి జతపరచెను. ఒడంబడిక స్పష్టముగ కుదిరెను: ప్రయాణపు వ్యయమంతయు కవిది, దారిలో వేసిన చిత్రములు కవికి చెందును. ఇద్దరును కలిసి పేస్టములోని శిథిలాలయములను చూచి, మార్చి కడపట ఓడనెక్కి సిసిలీకి పోయిరి. గెటే తన యాత్రాగ్రంథమున ఈ క్నీప్ పనిచేయు తీరును ముచ్చటపడి వర్ణించినాడు. అతడు కాగితముమీద మొట్టమొదట నలుచదరపు గీత గీసి హద్దు నేర్పరచును. పిదప శ్రేష్ఠమైన ఇంగ్లీషు పెన్సిళ్లను తీసి చెక్కును, మరల మరల చెక్కును. చిత్రించుటలో నెంత ఆనందమో చెక్కుటలోను అతనికి ఇంచుమించుగ అంత ఆనందము. ఆ తరువాతనే కొండవైపు చూపు నిలుపును. చట్రము ముందు, దృశ్యము పిమ్మట! తరువాతి నూరేండ్లలో నేపుల్సు పటముల వర్తకము నడచిన క్రమము ఈ నిరుపేద కళాకారుని అలవాటులోనే యిమిడియున్నది.

క్నీప్‌ను వెంట పెట్టుకొనలేనివారికొరకు అంగళ్లలో సిద్ధమైన సరకు దొరకుచుండెను. జిగురు కలిపిన దట్టపు రంగులతో కాగితముమీద వేసిన చిన్న చిత్రములు, ముఖ్యముగ వెసూవియసు ప్రకోపములు, కమిల్లో దె వీతో మొదలైనవారి చేతులలోనుండి డజన్లకొలదిగ వెలువడినవి. నల్లని యంచు, క్రింద ఏ యేటి ప్రకోపమో తెలుపు పంక్తి, పైన ఎర్రని జ్వాల, నీటిలో దాని ప్రతిబింబము. అన్నియు ఒకే మాదిరి. కొనినవాడు ఆ ప్రకోపమును కన్నులార చూచెనా యని అడుగువాడు లేడు. ఇంతకన్న ఉన్నతమైన కళ పొసిల్లిపో సంప్రదాయమువారిది. 1815లో నేపుల్సు చేరి, 1837లో కలరాకు బలియైన పిట్లో అను డచ్చి చిత్రకారుడును, అతని వెనుక జచింతో జిగాంతెయు ఆరుబయట కూర్చుండి వెలుగును వెలుగుగా పట్టిన నేర్పరులు. అయినను వారి చిత్రములను ఎక్కువగా కొన్నవారు విదేశీయులే, సంచిలో పట్టు పరిమాణమే వారికి గావలసినది. గొప్ప సౌందర్యము సయితము సామానుపెట్టె కొలతకు లోబడినదనుట కళాచరిత్రకారులు తరచుగ చెప్పరు గాని, చెప్పదగినదే.

1839వ సంవత్సరము ఈ కథలో విచిత్రమైనది. ఆ యేడు పారిసులో దగేరు ఛాయాచిత్రణ విధానము బయల్పడెను. ఆ యేడే అక్టోబరు 3వ తేదీన నేపుల్సునుండి పోర్టిచీకి ఏడు కిలోమీటర్లకు కొంచె మెక్కువ దూరము ఇటలీ దేశములో మొట్టమొదటి రైలుబండి నడచెను. ప్రయాణికులను మందలుగ తెచ్చు యంత్రమును, వారు చూచినదానిని పట్టియిచ్చు యంత్రమును ఒకే యేట పుట్టినవి. దగేరు పద్ధతిలో వెండిరేకుమీద ఏర్పడు బింబము అద్దములోని బింబమువలె కుడియెడమలు తారుమారై యుండును. నేపుల్సునుండి చూచువారికి వెసూవియసు కొండలో ఎడమప్రక్క సోమ్మా శిఖరము, కుడిప్రక్క నిప్పుకొండ శంకువు కానవచ్చును. వెండిరేకుమీద అవి స్థానములు మార్చుకొనును. ఆ రేకును చూచి రాగిపలకపై యథాతథముగ చెక్కి అచ్చొత్తినపుడు మరల తారుమారై కొండ యథాస్థానమునకు వచ్చును. వెండిరేకును ప్రతులుగా తీయుట కుదరదు గనుక అట్టి యచ్చులే లోకములో వ్యాపించినవి. టాల్బటు కనిపెట్టిన కాగితపు నెగటివు వచ్చిన పిదప గాని ఒక ఫోటోకు పెక్కు ప్రతులు సాధ్యపడలేదు. 1846లో ఆ పద్ధతితో నేపుల్సు వీధులను, రేవును చిత్రించిన వేల్సు దేశపు క్రైస్తవ పురోహితుడు కాల్వర్టు జోన్సు, ఒక్క కాగితములో ఇమడని దృశ్యమును రెండు కాగితములపై తీసి ప్రక్కప్రక్కన జేర్చి చూపించెను. అఖాతము చట్రమునకు లొంగక పోవుట అతనికే మొదట అనుభవమునకు వచ్చినది. కడపటివాడు మాత్రము కాడు.

ఇక ఈ వర్తకమునకు చక్రవర్తి యనదగినవాడు జార్జియో సోమ్మరు. 1834లో ఫ్రాంక్‌ఫర్టులో పుట్టి, 1857లో నేపుల్సునకు వచ్చి, 1914లో అచ్చటనే మృతినొందిన ఈ జర్మనువాడు అర్ధశతాబ్దము పైగా ఆ నగరపు ముఖమును ప్రపంచమునకు అమ్మెను. ఆ కాలమున ఛాయాచిత్రణ మనగా ఈనాటివలె ఒక మీట నొక్కుట కాదు. నిర్మలముగ తుడిచిన గాజుపలకమీద కొలోడియను అను జిగురుద్రవమును పోసి, అంచునుండి అంచునకు సమముగ పారునట్లు పలకను వంచి త్రిప్పి, వెండిలవణపు నీటిలో ముంచి, తడి యారక మునుపే కెమెరాలో నుంచి బింబమును పట్టి, తడి యారక మునుపే చీకటిగుడారములో కడిగి తీయవలెను. అన్నిటికిని కలిపి పావుగంట గడువు. వెసూవియసు వాలుమీద దృశ్యమొకటి కావలె ననిన గుడారము, గాజుపలకలు, మందుసీసాలు, నీరు సమస్తమును కంచరగాడిదలమీద కొండ నెక్కవలెను. బూడిదరేణు వొకటి పలకపై వ్రాలెనా, ఆ శ్రమయంతయు వ్యర్థము.

అట్లు తీసిన నెగటివునుండి కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితముమీద ప్రతు లెత్తుచుండిరి. సోమ్మరు ఆల్బములోని పుట నొకదానిని నిదానముగ పరికింపుడు. ఎర్రతో కలిసిన గోధుమవన్నె. అంచులవద్ద పసుపు తిరిగినది. ఆకాశము వట్టి తెలుపు, మబ్బు లేదు, ఎందుకనగా ఆ మందునకు నీలవర్ణము మీది తీవ్రతవలన ఆకాశమంతయు మాడిపోవును. సముద్రము అలలు లేని గచ్చునేలయై యున్నది. వీధిలో నిలిచియున్న బండి స్పష్టము. నడచిపోయిన మనుష్యులు మాసిన పొగచారలు. క్రింది యెడమమూల సంఖ్యయు, స్థలనామమును, సోమ్మరు పేరును చిన్న యక్షరములలో నుండును. ఆ సంఖ్యయే వర్తకమునకు కీలకము. సముద్రతీరపు తోటల చెంత, పెద్ద హోటళ్లకు దగ్గరలో, లార్గో విత్తోరియాలోనుండిన అతని దుకాణమునకు పోయి, కేటలాగు పుటలు త్రిప్పి, ఇన్ని సంఖ్యలు కావలెనని చెప్పిన చాలును. కొనినవాడు ఊరికి పోయి వానిని తోలు అట్టలో బంగారుపూత యక్షరములతో కుట్టించి, ముందరిగదిలో బల్లమీద నుంచును. చూడవచ్చిన వారికి పుట త్రిప్పుచు, ఇది మేము దిగిన చోటు, ఇది మే మెక్కిన కొండ యని చెప్పును. చెప్పుట అతనిది, చూచుట సోమ్మరుది. వెసూవియసుమీద పొగ చాలలేదనిన, నెగటివుమీద కుంచెతో పొగను చేర్చు పనివాడు వెనుకగదిలో నుండెను. ఇది ఆ వృత్తిలో అందరును చేసినదే, మోసమని యెవరును భావింపలేదు.

ఇట్టివాడే 1872 ఏప్రిలు 26న మహోపకారము చేసెను. ఆనాడు వెసూవియసు బ్రద్దలయ్యెను. అర్ధరాత్రి దాటిన పిమ్మట లావా చూడ నుత్సహించి అత్రియో దెల్ కవల్లో అను లోయలోనికి పోయిన యువకులు కొందరు, వైద్యవిద్యార్థులతో సహా, హఠాత్తుగ వచ్చిన ప్రవాహమునకు ఆహుతియైరి. కొండనడుమనున్న పరిశోధనాలయములో లూయిజీ పల్మియేరి అను శాస్త్రజ్ఞుడు కదలక కూర్చుండి కొలతలు వ్రాసికొనుచుండెను. ఇవతల నగరమునుండి సోమ్మరు ఆ మధ్యాహ్నము మొదలు సుమారు అరగంట కొకటి చొప్పున ఒకే దృశ్యమును మరల మరల పట్టెను. మైళ్లకొలది పైకెగసి గొడుగై విచ్చుకొన్న ఆ పొగమేఘమునకు ఈసారి కుంచె అక్కరలేకపోయెను. ఆ చిత్రములు అంగడి సరకుగా తీసినవే, అంగడి సరకుగానే దేశదేశములకు పోయినవి. అయినను అగ్నిపర్వతశాస్త్రమునకు కాలక్రమముతోకూడిన చిత్రసాక్ష్యముగ నిలిచినవి. అమ్మకమునకు తీసిన బొమ్మలో సత్య ముండదని తొందరపడి తీర్మానించువారు ఈ దినమును జ్ఞప్తియందుంచుకొనవలెను.

పాంపేయిలో 1863లో ఫియొరెల్లి అను పురాతత్త్వవేత్త, బూడిదలో శవములు నశించి యేర్పడిన బోలులలో ప్లాస్టరు ద్రవమును పోసి, మరణించినవారి ఆకృతులను వెలికిదీసెను. వానినిగూడ సోమ్మరు ఫోటోలు తీసి కేటలాగులో చేర్చెను. ఒకే ఆల్బములో అఖాతము, దాని ప్రక్క పుటలో పదునెనిమిదివందల యేండ్లనాడు ముఖమును చేతులతో కప్పుకొని ఊపిరి విడిచిన మనిషి, ఆ ప్రక్కన మకరోనీ తినుచున్న బాలురు! కొనినవారికి ఈ కూర్పు విడ్డూరముగ తోచినట్లు కానరాదు.

ఆ బాలుర విషయము కొంత వివరింపవలసియున్నది. నేపుల్సునకు వచ్చిన వారికి కొండయు సముద్రమును చాలక, అచ్చటి జనము గూడ దృశ్యముగ కావలసివచ్చెను. పొడవైన మకరోనీని చేతితో పైకెత్తి తల వెనుకకు వాల్చి నోటిలోనికి జారవిడుచు కుర్రవాండ్రు, నీళ్లమ్ము స్త్రీలు, వీధిమూల బల్లవేసికొని చదువురాని వారి యుత్తరములు వ్రాసిపెట్టు గుమాస్తా, చేపల బుట్టతో సాంతా లూచియా పల్లెవాండ్రు, ఇట్టివారిని కూర్చుండబెట్టి, చెప్పినట్లు చేయించి, అవసరమైన వేషములు తొడిగి, సోమ్మరును, స్విస్సువాడైన జార్జియో కోన్రదును, ఇతరులును వేలకొలది చిన్న పటములను తీసి యమ్మిరి. చాలసేపు కదలక యుండినగాని బింబము నిలువని ఆ దినములలో సహజముగ తినుచున్న వాని చిత్రము అసంభవము. ప్రతి మకరోనీ పోగును ఆజ్ఞకు లోబడి గాలిలో నిలిచినదే. లండనులోనో బెర్లినులోనో ఆల్బము త్రిప్పిన దొరసానికి మాత్రము దక్షిణదేశపు పేదవాడు చింతలేని సంతోషి యని రూఢి యయ్యెను. నాకు ఈ వర్తకములో క్షమింపరానిదిగ తోచునది నెగటివుమీద వ్రాసిన పొగ కాదు, ఈ సంతోషము.

ఏలయన 1884లో కలరా వచ్చి, ఎండ చొరని సందులలోను, ఒక్కగదిలో పదేసిమంది పడుకొను నేలమాళిగలలోను వేలకొలది జనమును తీసికొనిపోయినపుడు గాని ఆ సంతోషుల బ్రతుకు లోకమునకు తెలియలేదు. ఆ యేడే మతిల్దె సెరావో అను రచయిత్రి నేపుల్సు పేదలగురించి వ్రాసిన గ్రంథములో, అఖాతమును పూలగుట్టలను వర్ణించు అలంకారపు మాటలను ఈసడించి, ఏలికలు చూడవలసినది ఆ సందులను, ఆ కూలిరేట్లను, ఆ అప్పులను అని ఎత్తిపొడిచినది. సోమ్మరు కేటలాగునకు ఇంతకన్న ఘాటైన విమర్శ వేరొకటి లేదు, ఆమె దాని పేరెత్తకున్నను. 1885లో నగరశుద్ధికై శాసనము పుట్టి, పాతపేటలను చీల్చుచు నిడుపాటి రాజవీధి వేయబడెను; చిత్రకారులును ఫోటోగ్రాఫర్లును తరతరములుగ అమ్మిన సాంతా లూచియా పల్లెగూడ కూలి, సముద్రము పూడ్చబడి, ఆ చోట పెద్ద హోటళ్లు లేచినవి. పల్లెలో నుండినవారు ఎక్కడికి పోయిరో ఆ హోటళ్ల కిటికీలనుండి చిత్రములు తీసినవారికి తెలియవలసిన పని లేకపోయెను.

మధ్యకాలమున వచ్చిన స్టీరియోస్కోపు ముచ్చట త్వరగా ముగింపవచ్చును. 1851 నాటి లండను ప్రదర్శనముతో ప్రసిద్ధికెక్కిన ఈ జంటకటకముల పెట్టెలో రెండు పటములు కలిసి ఒకటై, కొండ దూరముగను కొమ్మ దగ్గరగను నిలుచును. అండర్‌వుడ్ అను అమెరికా వ్యాపారులు అట్టి పటములను పెట్టెలుగ కూర్చి, మ్యాపులతోను దారిచూపు పుస్తకములతోను అమ్మిరి. కుర్చీలో కూర్చుండియే దేశాటనము చేయవచ్చునని వారి ప్రచారము. పంచిపెట్టుటకు మాత్రము అది అనువైనది కాదు, ఒకసారికి ఒక్కరి కన్నులే పట్టును. కుర్చీ విడిచి కొండ నెక్కదలచినవారికై 1880లో వెసూవియసుమీదికి త్రాటిరైలు వేసిరి. దానికై పుట్టిన ఫునికులీ పాట రైలుకన్న ఎక్కువ కాలము బ్రతికినది. కొన్నేండ్లకు ఆ రైలును టామసు కుక్కు కంపెనీవారు కొని, కొండ నెక్కుటను టిక్కెట్టుపుస్తకములో ఒక చీటీగా మార్చిరి.

తపాలా కార్డు వచ్చినపుడు గాని ఈ ఆచారము పేదమధ్యతరగతులకు దిగలేదు. 1869లో ఆస్ట్రియా ప్రభుత్వము ప్రారంభించిన బోసికార్డు, ఇటలీలో 1874లోను, మన దేశములో కాలణా వెలతో 1879లోను ప్రవేశించెను. దానిమీద బొమ్మ అచ్చువేయుట జర్మనీలో ప్రబలి, శతాబ్దాంతమునకు లోకమంతయు వెఱ్ఱియై అలముకొన్నది. తొలినాటి కార్డులో వెనుకప్రక్క యంతయు చిరునామాకే కేటాయించబడినందున ఉత్తరమును బొమ్మప్రక్కనే వ్రాయవలసివచ్చెను. అందుచేత ఆనాటి నేపుల్సు కార్డులలో అఖాతము ఒక మూలకు ఒదిగి, ఆకాశములోను సముద్రములోను సిరా అక్షరములు క్రిక్కిరిసి, కొండశిఖరముచుట్టు ఆశీస్సులును నమస్కారములును మెలికలు తిరిగియుండును. నాకు ఈ పాడుచేసిన కార్డులే ఎక్కువ ప్రీతి. ఏలయన, ప్రయాణికుని చేయి నిజముగ సోకిన నేపుల్సు అదొక్కటే. 1902 మొదలు 1907 లోపల దేశము వెంట దేశము వెనుకప్రక్కను రెండుగ చీల్చి, సగము ఉత్తరమునకు విడిచినందున, బొమ్మ మరల అంగడివాని సొత్తైపోయెను.

రంగుల కథ మరింత చమత్కారమైనది. జూరిచ్చి నగరపు ఓరెల్ ఫ్యూస్లి ముద్రణాలయమువారు నలుపుతెలుపు నెగటివునుండి ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క శిల చొప్పున లిథో అచ్చు తీయు విధానమును సిద్ధపరచిరి. నేపుల్సు సముద్రము ఎంత నీలముగ నుండవలెనో సముద్రమే లేని స్విట్జర్లండులో నిర్ణయింపబడెను. పగటి చిత్రమును ముదురునీలముతో నలిపి, పైన చంద్రుని అతికించి, కిటికీలలో పసుపు చుక్కలు పెట్టి రాత్రిదృశ్యముగ అమ్ముటయు వాడుకయే. ఇక పొసిల్లిపోమీద, సంత్ ఆంతోనియో దేవాలయము చెంతనుండిన గొడుగు ఆకారపు దేవదారు వృక్షము, ప్రక్కన అఖాతము, వెనుక వెసూవియసు. ఈ ముక్కూటమి లేని కార్డు నేపుల్సు కార్డే కాదన్నంతగా స్థిరపడెను. ఆ చెట్టు గత శతాబ్దపు ఎనుబదులలో తెగులుపాలై కొట్టివేయబడగా, తొంబదులలో అదే తావున మరియొక మొక్కను నాటిరి. చిత్రమునకు లోటు రాకుండ ప్రకృతిని సవరించుటకు ఇంతకన్న సాహసమైన మరమ్మతు నే నెరుగను.

1888లో ఈస్ట్‌మను కోడక్ కెమెరాను 25 డాలర్లకు విడుదలచేసి, వృత్తి ఫోటోగ్రాఫరు పీఠమును కదల్చెను. అందులో నూరు చిత్రములకు చాలిన ఫిల్ము. అన్నియు తీసిన పిదప కెమెరానే అమెరికాలోని రాచెస్టరు నగరమునకు పంపిన, 10 డాలర్లు పుచ్చుకొని గుండ్రని బొమ్మలు తీసి, కొత్త ఫిల్ము నింపి తిరుగ పంపుదురు. 1900లో ఒక్క డాలరు వెలతో బ్రౌనీ అను కెమెరా వచ్చెను. ఇక సోమ్మరు సంఖ్యలతో పనియేమి? అయినను ఈ స్వతంత్రులు తీసినవి పరిశీలించిన, వంకరగా వచ్చిన దిగంతరేఖయు, ముందరి వరుసలో ఎండకు కన్నులు చికిలించిన మేనత్తయు దక్క, తక్కినదంతయు పాత కేటలాగే. అదే గుట్ట, అదే చెట్టు, అదే కొండ. అంగడిలో చూచిన కార్డు తమ చేతిలోని పెట్టెలోనుండి గూడ వచ్చినపుడే వారికి ప్రయాణము సఫలమైనట్లు తోచెను. ఇందుకు నేను వారిని నవ్వను. మేనత్త అక్కడ నిలిచెను, ఆమె నీడ ఆ గోడమీద పడెను, సోమ్మరు ఎన్నడును అమ్మలేని సంగతి అది.

మన దేశమునుండి ఇంగ్లండునకు పోవువారి ఓడలు కొన్ని నేపుల్సులో ఆగుచుండెడివి; 1926లో రవీంద్రనాథ ఠాకూరు ఇటలీ గడ్డమీద అడుగిడినది ఈ రేవుననే. రెండవ ప్రపంచయుద్ధమున వచ్చినవారు అట్లు తీరికగ రాలేదు. 1944 మార్చిలో ఇటలీ రణరంగమున భారతీయ సేనలు, వారిలో మద్రాసు సాపర్ల దళములును, పనిచేయుచుండగా వెసూవియసు మరల ప్రకోపించి, సాన్ సెబస్తియానో గ్రామమును లావాతో కప్పి, పాంపేయి చెంతనున్న అమెరికా విమానములను బూడిదతో పాడుచేసెను. ఇంతమంది చేతులలో కెమెరాలుండగా అది బ్రద్దలగుట అదే మొదలు. సైనికులు ఇండ్లకు పంపిన కవరులలో ఆ పొగమేఘము మరల భూగోళమంతయు తిరిగెను. ఆ పిమ్మట కొండ మౌనము వహించెను. శతాబ్దములుగ దాని శిరస్సున కనిపించిన పొగ అంతరించెను. కార్డుల యంగళ్లలో మాత్రము పాత నెగటివుల పొగ తగ్గలేదు.

యుద్ధానంతరము కోడక్రోము రంగుఫిల్ము వ్యాపించి, ప్రయాణికుడు ఆల్బమును మాని స్లయిడుల పెట్టెతో ఇల్లుచేరెను. గోడకు తెల్లదుప్పటి కట్టి, దీపము లార్పి, బంధువులను వరుసగ కూర్చుండబెట్టి, ఫ్యాను హోరుతో వేడెక్కు ప్రొజెక్టరులో స్లయిడు వెంట స్లయిడు త్రోయుచు గంటలకొలది వ్యాఖ్యానము చెప్పుట అమెరికాలోను, ఇంగ్లండులోను ఆదివారపు సాయంకాలములకు శిక్షగా పరిణమించెను. హామిల్టను రాయల్ సొసైటీకి పంపిన దీపపు పటము రెండు శతాబ్దములకు ప్రతి యింటి గోడమీదికి వచ్చినది. ఆ చిన్న అట్టచట్రపు స్లయిడును తొందరలో వెనుకముందుగ దూర్చుట అతిసులభము. దూర్చిన, సోమ్మా శిఖరము కుడికిని, శంకువు ఎడమకును పోయి, కొండ తారుమారై గోడపై నిలుచును. అయినను వ్యాఖ్యానము ఆగెడిది కాదు. తప్పు పట్టవలసిన నేపుల్సువాడు ఆ గదిలో నుండెడివాడు కాడు.